బాబాయి చోటు

తలుపుకి లోపలి గడియ పొద్దున పడింది. మధ్యాహ్నమైనా తియ్యలేదు.

"అమ్మా, తలుపు తియ్యి. కాస్త అన్నం తిను. నిన్నెవరూ ఏమీ అడగరు," అన్నాడు అన్నయ్య, అడగటానికే నిలబడ్డ మనిషి గొంతుతో.

లోపల మంచం కిర్రుమంది, అంతే. అంటే మెలకువగానే ఉంది.

అన్నయ్య కోర్టులో గుమస్తా. ఇంటి యజమాని పోయాడని తెలియగానే ఎక్కడెక్కడినుంచో పుట్టుకొచ్చే వారసుల్ని చూసీ చూసీ, కొత్త చుట్టం ఎదురైతే చాలు, ముందు మొహం చూడడు, చేతిలో సంచీ చూస్తాడు. నిన్న ఆ మనిషి గడప దాటి లోపలికి వచ్చినప్పటినుంచి అతని కనుబొమలు పైకెక్కి కూర్చున్నాయి. ఇంకా దిగలేదు.

"అంతా నీవల్లే," అన్నాడు చెల్లెలివైపు తిరిగి. "ఆదివారం పూట జనం సినిమాకో షికారుకో పోతారు. నువ్వు సమాధుల తోటకి పోతావు. పోయినదానివి ఊరుకున్నావా? అక్కణ్ణించి ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చావు."

"మనిషినే కదా తెచ్చాను, దయ్యాన్ని కాదుగా," అంది బుడ్డి.

"దయ్యమైతే నయం. భోజనం పెట్టక్కర్లేదు," అంది వదిన వంటింట్లోంచి.

బుడ్డి అసలు పేరు అది కాదు. చిన్నప్పుడు పెట్టుకున్న లావుపాటి కళ్ళద్దాల పుణ్యమా అని సోడాబుడ్డి అన్నారు. పెద్దయ్యేసరికి సోడా పోయి బుడ్డి మిగిలింది. చివరికి పనికి కుదిరింది కూడా కళ్ళద్దాల షాపులోనే.

నాన్న పోయిన దగ్గర్నించీ ఆమెకి ఈ సమాధుల పిచ్చి పట్టుకుంది. నాన్న రాయి పక్కన తాతది, తాత పక్కన నానమ్మది, వరస చివర బాబాయిది. వెనక వరసల్లో పేర్లు అరిగిపోయిన ముత్తాతలు, ముత్తవ్వలు. ఎవరు ఎవరికేమవుతారని అడిగితే, "పోయినవాళ్ళ ఊసు నీకెందుకే," అనేది అమ్మ. దాంతో బుడ్డి తనే వెళ్ళి, నాచు గీకి, పేర్లు చదువుకునేది. అలా ఒక ముత్తవ్వ పుట్టింటివాళ్ళ ఆచూకీ కూడా పట్టింది. వాళ్ళు టీ ఇచ్చి, పాత ఫొటోలు చూపించి, మళ్ళీ రమ్మనకుండా సాగనంపారు.

నిన్న మాత్రం చుట్టరికం ఆమెని వెతుక్కుంటూ వచ్చింది.

బాబాయి రాయి ముందు ఒకావిడ గొంతుకూర్చుని ఉంది. భుజాన మందపాటి గుడ్డసంచీ. గోళ్ళ అంచుల్లో నల్లటి నూనె మరకలు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషినని తర్వాత చెప్పింది.

"ఈ రాయి ఎవరు పెట్టించారండీ?" అని అడిగింది.

"మా తాత. ఇది మా బాబాయిది. పెళ్ళి కాకుండానే విషజ్వరంతో పోయాడు."

ఆవిడ చాలాసేపు రాయి మీది పేరునే చూసింది.

"పోయారన్న మాట నిజమే," అంది. "కానీ పోయింది నిన్న. నేను ఆయన కూతుర్ని."

తాతకి అచ్చుప్రెస్ ఉండేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ప్రెస్ పనివాళ్ళు సమ్మెకి దిగినప్పుడు చిన్నకొడుకు కూడా వాళ్ళతోపాటు గేటు ముందు కూర్చున్నాడన్న సంగతి ఎవరికీ తెలియదు. ఆ కొడుకుని ఇంట్లోంచి వెళ్ళగొట్టి, ఊరికి జ్వరమని చెప్పి, రాయి చెక్కించాడట తాత. కొడుకు వేరే ఊరు వెళ్ళి, కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు. పెళ్ళి చేసుకున్నాడు, కూతురికి తన పని నేర్పాడు. "వాళ్ళు నన్ను పూడ్చేశారమ్మా. ఇప్పుడు లేచివెళ్ళి జడిపించటం ఎందుకు?" అని నవ్వేవాడట. పోయేముందు మాత్రం తన పేరున్న రాయి కిందే తనని పెట్టమని అడిగాడు. ఆసుపత్రివాళ్ళు మంగళవారం పొద్దుటిదాకా ఉంచుతామన్నారు. సమాధుల తోట ఆఫీసువాళ్ళేమో, ఇంటి పెద్ద వచ్చి సరేనంటేనే తవ్వుతామన్నారు.

ఈ మాటలన్నీ నిన్న భోజనాల దగ్గర జరిగాయి. అమ్మ వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఆ చోటు ఎవరికీ ఇవ్వను," అంది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

"చూశావుగా," అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి. "అమ్మకి తెలుసు అది మోసమని. ఇవాళ ఆరడుగుల చోటంటుంది. ఒప్పుకున్నామా, చుట్టరికం ఖాయమైనట్టే. రేపు ఇంట్లో గది అంటుంది."

"మోసమనుకుంటే మోసమని మొహానే అంటుంది అమ్మ. ఇవ్వనని ఎందుకంటుంది?"

అన్నయ్య తలుపు మీద మళ్ళీ కొట్టాడు.

బుడ్డి భోజనం ముగించుకుని షాపుకి వెళ్ళిపోయింది.

*

షాపులో రద్దీ తగ్గాక ఆవిడ వచ్చింది. లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడింది.

"ఇంటికి రావటానికి మొహం చెల్లలేదు," అంది. "పెద్దమ్మ ఏమైనా అన్నారా?"

"తలుపేసుకుంది."

"నావల్లేనా?"

ఆవిడ కళ్ళద్దాలు ముక్కు మీంచి జారిపోతుంటే బుడ్డి అలవాటు కొద్దీ చెయ్యి చాపింది. ఆవిడ తీసి ఇచ్చింది. ఎడమపక్క ముక్కుమెత్త మీద మిషన్ బెల్టు రబ్బరు ముక్క అతికించి, దారంతో చుట్టి ఉంది.

"ఇది ఎవరు చేశారు?"

"నాన్న. నాకు ఏ అద్దాలూ నిలవవు. ఎడమవైపుకి ఒరిగిపోతాయి. ఆయనకీ అంతే."

బుడ్డి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, మొహం వెలుతురువైపు తిప్పి, ముక్కు ఎముక మీద వేలు పెట్టి చూసింది. పైన తిన్నగా ఉండి, సగంలో ఎడమకి ఒక చిన్న వాలు. తన షాపుకి రోజూ ఎన్నో ముక్కులు వస్తాయి. ఈ వాలు బుడ్డి ఇంతకుముందు ఒకే ఒక్కరి ముక్కుకి చూసింది. నాన్నకి ఎప్పుడు కొత్త అద్దాలు చేసినా ఎడమపక్క మెత్త లావుది వెయ్యాల్సొచ్చేది.

ఈ సాక్ష్యం అన్నయ్య కోర్టులో చెల్లదు. బుడ్డికి చెల్లింది. కానీ చెల్లినకొద్దీ నెమ్మది కలగాల్సింది పోయి, లోపల ఏదో ముల్లులా గుచ్చుకోవటం మొదలైంది. ఈవిడ చెప్పింది నిజమైతే, మరి అమ్మ ఎందుకలా అంది?

"మీ నాన్నగారు చివర్లో ఏమన్నారో, ఆయన మాటల్లోనే చెప్పండి," అంది సొరుగులోంచి లావు మెత్త ఒకటి వెతికి తీస్తూ.

"'నన్ను ఆ రాయి కిందే పెట్టు. కానీ ముందు వదినని అడుగు. వదిన వద్దంటే ఇంకెక్కడైనా పెట్టు. తగువు పెట్టుకోకు.' అంతే."

బుడ్డి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"వదినంటే ఎవరు?"

"ఇంకెవరు, మీ అమ్మగారే."

"మా అమ్మ కోడలిగా వచ్చేసరికే ఆ రాయి ఉంది. ఆయన్ని తను ఎప్పుడూ చూడలేదని మాతో చెప్పింది. ఫొటో కూడా చూడలేదంది."

ఆవిడ మొహంలో కూడా అదే ప్రశ్న కనిపించింది. అది నటనో నిజమో తేల్చుకోవటం బుడ్డికి చేతకాలేదు.

"నేనూ అడిగాను," అంది ఆవిడ. "నువ్వు ఇల్లు వదిలాక వచ్చిన వదిన నీకెలా తెలుసు నాన్నా అని. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు."

బుడ్డి మెత్త బిగించి, అద్దాలు ఆవిడ మొహానికి పెట్టింది. నిలిచాయి. ఆవిడ తల అటూ ఇటూ ఆడించి చూసుకుని, మొదటిసారి కొంచెం నవ్వింది.

"పదండి," అంది బుడ్డి. "ఒకసారి అక్కడికెళ్ళి చూసి వద్దాం."

"ఏం చూడాలి?"

"అది తెలిస్తే వెళ్ళక్కర్లేదుగా."

*

సమాధుల తోట గేటు దగ్గర పూలమ్మే ఆవిడ బుట్ట సర్దుకుంటోంది. లోపల ఎండ చెట్ల మీదికి ఎక్కిపోయింది. నాన్న రాయి చుట్టూ మొన్నటి వానకి కలుపు మొలిచింది. తాత రాయి చుట్టూ మోకాలెత్తు గడ్డి. నానమ్మది సగం కనిపించటం లేదు.

బాబాయి రాయి దగ్గర మాత్రం వేరేగా ఉంది. నిన్న ఆ కంగారులో చూడలేదు కానీ, ఇవాళ వెతికే కంటికి కొట్టొచ్చినట్టు కనబడింది. పొడవునా గడ్డి పెరిగే ఉంది. తలవైపు కుడిమూల మాత్రం ఒక చిన్న మేర, తలగడంత, కత్తెరతో కత్తిరించినట్టు నున్నగా ఉంది. చుట్టూ తెల్ల గులకరాళ్ళు సగానికి పైగా మట్టిలో దిగి ఉన్నాయి. ఇప్పుడు పెట్టినవి కావు.

"మీరు చేశారా ఇది?" అంది బుడ్డి.

"నేను నిన్నేగా మొదటిసారి రావటం. మీవాళ్ళే చేశారనుకున్నా."

ఆవిడ ఆ గడ్డి మీద చెయ్యి పెట్టబోయింది. ఎందుకో తెలియదు, బుడ్డి చప్పున ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అమ్మ ఏటా అందరితోపాటు వచ్చి, తాతకీ నానమ్మకీ పూలు పెట్టి వెళ్ళేది. ఇక్కడ కూర్చుని గడ్డి కత్తిరించటం బుడ్డి ఎప్పుడూ చూడలేదు. అంటే ఎవరికీ చెప్పకుండా వస్తోంది. కుట్టుపెట్టెలో కత్తెర ఎప్పుడూ మొద్దుబారిపోతోందని వదిన విసుక్కోవటం గుర్తొచ్చింది.

చనిపోయాడన్న మరిది. ఆయన్ని ఎరగనన్న వదిన. ఇద్దరికీ మధ్య ఇంత చిన్న జాగా.

బుడ్డికి అమ్మ మీద అనుమానం కలిగింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మని అనుమానించటం అదే మొదలు. కోపం కంటే ముందు సిగ్గేసింది.

"మీరూ రండి ఇంటికి," అంది ఆవిడతో. "ఇది మీ వెనక అడిగేది కాదు."

*

వాళ్ళు వెళ్ళేసరికి తలుపు తెరుచుకుని ఉంది. అమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ముందు స్టూలు మీద అన్నం పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆఫీసుకి సెలవు పెట్టినట్టున్నాడు.

"మళ్ళీ తెచ్చావా," అన్నాడు.

"అన్నయ్యా, నేను చెప్పేది ఒక్కసారి..." అని ఆవిడ మొదలుపెట్టింది.

"అన్నయ్యా గిన్నయ్యా అనకండి. అడిగినదానికి చెప్పండి. మా తాత ప్రెస్ గేటు ఎలా ఉండేది?"

"బయటివైపుకి తెరుచుకునేదట. అందుకే పనివాళ్ళు అడ్డంగా కూర్చుంటే, మీ తాతగారు బయటికి రాలేక ఆ పగలంతా లోపలే ఉండిపోయారట. ఆ కోపమే నాన్న మీద పడిందట."

అన్నయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "ఇలాంటివి పాత పనివాళ్ళెవరైనా చెప్తారు."

"అన్నయ్యా, నువ్వు కాసేపు ఊరుకో," అంది బుడ్డి. వెళ్ళి అమ్మ కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "అమ్మా. నువ్వు బాబాయిని చూశావు కదూ?"

అమ్మ అన్నం పళ్ళెంవైపు చూసింది.

"ఆ రాయి దగ్గర తలగడంత మేర గడ్డి ఎవరు కత్తిరిస్తున్నారు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయింది. అమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఇంట్లో తనకి తెలియని మనిషి ఒకరు పెరిగినట్టు చూసింది.

"కూర్చో అమ్మా," అంది ఆ వచ్చినావిడతో. తర్వాత కొడుకుతో, "నువ్వూ కూర్చో పెద్దాడా."

అతను కూర్చోలేదు.

"ఆ చోటు ఖాళీ కాదు," అంది అమ్మ.

ముందున్న స్టూలు పక్కకి జరిపింది.

"నాకు ముందొక ఆడపిల్ల పుట్టింది. ఒక్క పూట బతికింది. పేరు కూడా పెట్టని పిల్లకి రాయేమిటి, చోటేమిటన్నారు మీ తాత. ఆసుపత్రివాళ్ళకే వదిలేసి రమ్మన్నారు. మీ నాన్న వాళ్ళ నాన్నకి ఎదురు చెప్పలేదు. ఆసుపత్రి వసారాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంతే నిలబడ్డాడు."

చాలా కాలంగా లోపల లోపల చెప్పుకున్నట్టు అమ్మ మాటలు వరసగా వచ్చాయి.

"తెల్లవారుతుండగా ఆసుపత్రికి ఎవరో మనిషి వచ్చాడు. నాకు తెలియదు. ఆయనకి ఎవరు కబురు చేశారో అదీ తెలియదు. 'వదినా, నా చోటు ఖాళీగానే ఉంది. పాపని అక్కడ పడుకోబెడదాం' అన్నాడు. జ్వరంతో పోయాడని చెప్పిన మనిషి ఎదురుగా నిలబడి వదినా అంటుంటే, భయపడే ఓపిక కూడా లేదు నాకు. పచ్చి బాలింతని. పాపని ఎత్తుకుని ఆయన వెంట తోటకి వెళ్ళి, రాయికి ఆనుకుని కూర్చున్నాను. ఆయనే తవ్వాడు. ఆయన పైపంచెలోనే చుట్టాం."

ఆ వచ్చినావిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయన బతికున్నాడని నేను చెప్పకూడదు. పాప అక్కడుందని ఆయన చెప్పకూడదు. అలా మాట ఇచ్చుకున్నాం. మళ్ళీ ఆయన్ని చూడలేదు. మాట తప్పలేదన్నమాట మీ నాన్న," అంది అమ్మ ఆవిడవైపు తిరిగి.

"తప్పలేదు పెద్దమ్మా," అంది ఆవిడ. "వదినని అడగమంటే, చోటు అడగమన్నారనుకున్నాను."

బుడ్డి అడిగింది. "మరి నాన్నకి తెలుసా?"

"ఎక్కడ పెట్టావని మీ నాన్న బతికినంతకాలం అడగలేదు. ఏటా వచ్చినప్పుడు, నేను చివరి రాయివైపు వెళ్తే అటు తిరిగి నిలబడేవాడు. తెలిసే తిరిగాడో, తెలియక తిరిగాడో. నేనూ అడగలేదు."

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంది. "నేను వేరే చోటు చూసుకుంటాను పెద్దమ్మా. మీరు కష్టపెట్టుకోకండి."

"కూర్చోమన్నానా," అంది అమ్మ. "నిన్న వద్దన్నది చోటు మీద ఆశతో కాదు. గునపం పాప మీద పడుతుందని. పొద్దుట్నించీ అదే ఆలోచిస్తూ పడుకున్నాను. ఇంతకాలం అది ఒక్కతే ఉంది అక్కడ. ఏ మూల ఉందో, ఎంత లోతులో ఉందో ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. రేపు నేను పక్కనుండి తవ్విస్తాను. మీ నాన్నని తీసుకురా."

ఆవిడ అమ్మ చేతులు పట్టుకుంది. నూనె మరకల వేళ్ళు, ముడతలు పడ్డ వేళ్ళు. బుడ్డి తల తిప్పుకుంది. అమ్మని అనుమానించినందుకు ఇందాకటి సిగ్గు రెండింతలై తిరిగొచ్చింది. అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. వసారాలో గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్నని ఆమె ఎప్పుడూ ఎరగదు. తనకి తెలిసిన నాన్న ఎవరు?

"అంటే నేను పెద్దవాణ్ణి కానన్నమాట."

అందరూ కిటికీవైపు తిరిగారు. అన్నయ్య గొంతులో కోర్టు లేదు. చిన్నపిల్లాడిలా అన్నాడు.

"పెద్దాడా..." అంది అమ్మ.

"అలా పిలవకు. పిలిచినప్పుడల్లా నీకు ఎవరు గుర్తొచ్చేవాళ్ళు?"

అన్నయ్య గోడకున్న మేకు మీంచి స్కూటర్ తాళం తీశాడు.

"ఇంటి పెద్ద వచ్చి చెప్తేనేగా తవ్వేది. నేనే వెళ్ళి చెప్తాను."

"ఏమని చెప్తారు?" అంది వదిన. ఆమె గొంతులో ఎకసెక్కెం లేకపోవటం అదే మొదటిసారి.

అతను మెట్లు దిగాడు. స్కూటర్ రెండుమూడు తన్నులకి గానీ అందుకోలేదు. బుడ్డి కిటికీలోంచి వంగి చూసింది. అన్నయ్య వీధి చివర ఆగాడు. ఇటు తిరిగితే వాళ్ళ కోర్టు, అటు తిరిగితే సమాధుల తోట ఆఫీసు. కాసేపు ఎటూ తిరగకుండా అలాగే నిలబడి, చివరికి అటే తిరిగాడు.

"అక్కడికే వెళ్తున్నాడు," అంది బుడ్డి.

అమ్మ లేచింది. పొద్దుట్నించీ ఏమీ తినని మనిషి కుర్చీ చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం తూలి నిలదొక్కుకుంది. ఆ వచ్చినావిడ పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ తనే ఆ చెయ్యి అందుకుంది.

"ఆఫీసు మూసే వేళయింది. పదండి," అంది. గుమ్మం దాటబోతూ ఆగి కూతురివైపు తిరిగింది.

"తవ్వమని చెప్పటానికి వెళ్ళాడంటావా వాడు, వద్దని చెప్పటానికా?"

బుడ్డి స్కూటర్ పోయిన వైపే చూస్తూ నిలబడింది.